కీర్తిశేషులు గురజాడ అప్పారావుపంతులుగారు

విజయనగరమునందలి బొంకులదిబ్బను ఎరుగనివారు మన ప్రాంతమున నరుదు. తెలుగున మిక్కిలి ప్రసిద్ధికెక్కిన కన్యాశుల్కమను నాటకము అచ్చటనే ప్రారంభమగును. ఆ నాటకమును రచించినవారు ఆ పట్టణపు కళాశాలలోనే చదివి, ఆ కళాశాలలోనే బోధించిన యొక యుపాధ్యాయులు. విద్యాలయమునకును రంగస్థలమునకును గల సంబంధ మెట్టిదో వారి చరిత్రమువలన మనకు తెలియగలదు.

అప్పారావుపంతులుగారు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన యలమంచిలి సమీపమునందలి రాయవరమున జన్మించిరి. వీరి తండ్రి వేంకటరామదాసుగారు విజయనగర సంస్థానమున నుద్యోగి. బాల్యమున చీపురుపల్లిలో చదువుకొనుచుండగా పితృవియోగము కలిగెను. అంతట వీరు విజయనగరమునకు వచ్చి చేరిరి. మహారాజావారి కళాశాలాధ్యక్షులగు చంద్రశేఖరశాస్త్రిగారు ఈ బాలుని బుద్ధికుశలతను గ్రహించి, భోజనవసతు లొసగి చదివించిరి. ఆ గురువుయొక్క యాదరణమే లేకున్న నీ కథ యెట్లు నడచియుండెడిదో చెప్పజాలము. శ్రీకాకుళ ప్రాంతీయులగు గిడుగు రామమూర్తిపంతులుగారు వీరికి సహాధ్యాయులు. వారి స్నేహము జీవితాంతము నిలిచినది.

విద్యార్థిదశయందే వీరు ఇంగ్లీషున సారంగధర యను కావ్యమును వ్రాసిరి. దానిని జూచి మెచ్చుకొనిన కలకత్తా పత్రికాధిపతి శంభుచంద్ర ముఖర్జీగారు, మాతృభాషలో వ్రాసిననే శాశ్వతమగు కీర్తి కలుగునని హితవు చెప్పిరి. 1884లో ఎఫ్.ఏ. పరీక్షయం దుత్తీర్ణులై, మహారాజావారి ఉన్నత పాఠశాలలో నెలకు 25 రూపాయల జీతముపై నుపాధ్యాయులైరి. 1886లో బి.ఏ. పట్టము నొందిరి. కొలదికాలము డిప్యూటీ కలెక్టరు కచ్చేరిలో గుమాస్తాపని చేసి, 1887లో తమ కళాశాలకే బోధకులుగ మరలి వచ్చిరి.

ఆ కాలమున మన జిల్లాలలో కన్యలను ధనమునకు విక్రయించు దురాచారము ప్రబలియుండెను. ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణము జిల్లాలో మూడు సంవత్సరములలో జరిగిన యిట్టి వివాహముల పట్టికను తయారు చేయించిరి. అందు 1,034 వివాహములు నమోదయ్యెను. వధువులలో 99 మంది యైదేండ్లవారు, 44 మంది నాలుగేండ్లవారు, 36 మంది మూడేండ్లవారు; ఒక్క యేడు నిండిన శిశువులు సైతము ముగ్గు రుండిరి. ఆ శిశువులకు 350 మొదలు 400 రూపాయలవరకు వెల కట్టబడెను. ఈ లెక్కలను జూచి వీరి హృదయము ద్రవించెను. ఉపన్యాసములు వినని జనులు సైతము నాటకమును చూతురు. పుస్తకము చదువలేనివారు సైతము రంగముపై జరుగు కథను గ్రహింతురు. కావున వీరు నాటకమును వ్రాయ నిశ్చయించిరి. తెలుగుభాష నాటకమునకు తగదను నపోహను తొలగించుటయు వీరి రెండవ యుద్దేశము.

కన్యాశుల్కము 1892లో విజయనగరమున జగన్నాథవిలాసినీ సభవారిచే ప్రదర్శింపబడెను. 1897లో గ్రంథముగ వెలువడి మహారాజుగారి కంకితమయ్యెను. పాత్రలన్నియు మన యిండ్లలోను వీధులలోను మాటలాడు భాషనే మాటలాడును. పండితులు కొందరు దీనిని గ్రామ్యమని నిరసించిరి. ప్రేక్షకులు మాత్రము తమ్ముతాము గుర్తించి నవ్విరి, నవ్వినవెనుక నాలోచించిరి.

బాలబాలికలారా! ఈ నాటకమున మీవంటి విద్యార్థి యొకడు కలడు. వాడు వెంకటేశము, పరీక్ష తప్పి తండ్రికి భయపడుచుండును. వాని గురువగు గిరీశమునకు ఇంగ్లీషుమాటలు మెండు, నీతి సున్న. సౌజన్యారావుపంతులును ఇంగ్లీషు చదివినవారే. కాని వారి విద్య పరులకు రక్షణమైనది. విద్య యొక్కటియే, ఫలములు వేరు. సుబ్బియను బాలికను వృద్ధున కమ్మబోవగా, విదూషకవేషములు వేయు కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడువేషము వేసి ఆమెను కాపాడును. అనగా నొక పసిపిల్ల బ్రతుకును నిలిపినది నటనావిద్యయే!

పంతులుగారు తొలికూర్పుతో తృప్తినొందలేదు. అనారోగ్యమున బాధపడుచును, అయి దంకముల నాటకమును పెంచి, ఏడంకములుగ తిరిగి రచించి, 1909లో ప్రకటించిరి. మరుసటియేడు ముత్యాలసరము లను క్రొత్తఛందస్సున గేయములు వెలయించిరి. పిమ్మట మదరాసు విశ్వవిద్యాలయ పాఠ్యనిర్ణాయక సంఘమున సభ్యులై, వ్యవహారభాషకై వాదించి, 1914లో దీర్ఘమైన యసమ్మతిపత్రమును సమర్పించిరి. ఆ వాదమున గ్రాంథికపక్షమే నెగ్గెను. ఆ యోటమి తీరకముందే, 1915వ సంవత్సరము నవంబరు 30వ తేదీన, ఏబదిమూడేండ్ల ప్రాయమున, విజయనగరమున దివంగతులైరి.

నేడు మన పాఠ్యపుస్తకములు వారు కోరిన భాషలోనే యున్నవి. 1955లో కన్యాశుల్కము చలనచిత్రమయ్యెను. మన ప్రాంతపు నటులగు జె.వి. సోమయాజులు, రమణమూర్తి సోదరులు దానిని పెక్కుచోట్ల ప్రదర్శించి యశస్సు నొందిరి. విశ్వవిద్యాలయములలో నాట్యకళాశాఖ లేర్పడకముందే, ఒక సామాన్యోపాధ్యాయుడు తరగతిగదినుండి రంగస్థలమునకు త్రోవ వేసెను. తన జీవితకాలమున నోడినను సత్యమును విడువనివానిని కాలమే గెలిపించునని వీరి చరిత్రము మనకు బోధించుచున్నది.