నెత్తురులోనూ ఆకులోనూ ఒకటే చక్రం: హాన్స్ ఫిషర్

పాతకాలపు అద్దకంలో ఒక మర్మం ఉంది. చిరివేరు రంగుకు పటిక తోడైతే బట్ట ఎర్రనవుతుంది. అదే రంగుకు ఇనుము తోడైతే ఊదాగా దిగుతుంది. ఆదోని పత్తినీ, ఎమ్మిగనూరు మగ్గాన్నీ చూస్తూ పెరిగిన మనకు ఈ మాట కొత్త కాదు. ఇలాంటి మర్మమే మన నెత్తురులోనూ చెట్టు ఆకులోనూ ఉంది. దాన్ని విప్పడానికి జీవితం ధారపోసిన మహనీయుడు హాన్స్ ఫిషర్.

ఫిషర్ 1881 జూలై 27న జర్మనీలోని హోఖ్‌స్ట్‌లో జన్మించారు. తండ్రి రంగుల కంపెనీలో రసాయనవేత్త. కుమారుడు 1904లో రసాయనశాస్త్రంలో, 1908లో వైద్యంలో డాక్టరేటు పొందారు. ఈ రెండు చదువులూ కలిసిన చోటే పార్ఫిరిన్లు ఆయనకు ఎదురయ్యాయి. నాలుగు పైరోల్ వలయాలు చేతులు పట్టుకొని నిలిచిన పెద్ద చక్రం పార్ఫిరిన్. నడుమ ఇనుము కూర్చుంటే నెత్తురు రంగు. దాని దగ్గరి చుట్టంలో మెగ్నీషియం కూర్చుంటే ఆకుపచ్చ.

లోహం లేని పార్ఫిరిన్ మీద అతినీలలోహిత కిరణాలు పడితే ఎర్రగా వెలుగుతుంది. దీన్నే ప్రతిదీప్తి అంటాం. చూడ్డానికి అందమే గాని, ఒంట్లో పేరుకుంటే ప్రమాదం. 1912లో మేయర్-బెట్జ్ అనే వైద్యుడు ఆ పదార్థాన్ని తన నరంలోకే ఎక్కించుకున్నాడు. ఎండ తగలగానే ముఖమూ చేతులూ వాచిపోయాయి. మథియాస్ పెట్రీ అనే రోగికైతే అది పుట్టుకతో వచ్చిన జబ్బు. ఫిషర్ అతనికి తన ప్రయోగశాలలోనే పని ఇచ్చారు. 1925లో పెట్రీ చనిపోయేదాకా అతని జబ్బు నుంచి ఎన్నో సంగతులు నేర్చుకున్నారు.

1921లో ఫిషర్ మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలో ఆచార్యులయ్యారు. నేటి యంత్రాలేవీ అప్పుడు లేవు. స్ఫటికాలు దించడం, ద్రవీభవన స్థానం చూడడం, మూలకాల పాళ్ళు లెక్కగట్టడం, అంతే! మన ప్రాక్టికల్సులో చేసే పనులే కదా! పార్ఫిరిన్ ఒక పెద్ద చక్రమని క్యూస్టర్ 1912లోనే ప్రతిపాదించాడు. అంత పెద్ద చక్రం నిలవదని ఫిషర్ మొదట ఒప్పుకోలేదు. చివరికి 1929లో హీమిన్‌ను కృత్రిమంగా తయారుచేసి, క్యూస్టర్ మాటే నిజమని స్వయంగా నిరూపించారు. తన అభిప్రాయం కన్నా సత్యాన్ని పెద్దగా చూడడమంటే ఇదే. 1930లో నోబెల్ బహుమతి వరించింది. తర్వాత పత్రహరితం నిర్మాణాన్నీ చాలామటుకు తేల్చారు.

అంతలో యుద్ధం. బాంబుదాడుల్లో ఆయన ప్రయోగశాల నేలమట్టమైంది. ఏళ్ళ తరబడి పోగుచేసుకున్నదంతా పోయిందన్న వేదనలో, 1945 మార్చి 31న ఆయన తన ప్రాణాలు తానే తీసుకున్నారు. యుద్ధం ముగియడానికి అప్పటికి ఆరు వారాలు కూడా లేదు.

ఆయన పని మాత్రం ఆగలేదు. 1960లో వుడ్‌వర్డ్ పత్రహరితాన్ని ప్రయోగశాలలో సృష్టించాడు. చక్రం నడుమ ఇనుము ఉంటే వెలుగు పుట్టదు, గ్రహించిన శక్తి వేడిగా పోతుంది. జింకు పెడితే ప్రతిదీప్తి వస్తుంది. ప్లాటినం, పల్లాడియం వంటి బరువైన లోహాలు పెడితే దీపం ఆర్పినా కాసేపు నిలిచే స్ఫురదీప్తి వస్తుంది. ఆ "కాసేపు" సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూ మాత్రమే! చక్రానికి నాలుగు వైపులా బెంజీన్ వలయాలు అతికిస్తే వెలుగు ఎరుపు దాటి పరారుణం వైపు జరుగుతుంది. అలాంటి కాంతి మాంసం గుండా సులువుగా సాగుతుంది. 1998లో ప్లాటినం పార్ఫిరిన్‌తో ఎర్రటి విద్యుద్దీపాలు కూడా వెలిగించారు.

అన్నిటికన్నా వింత మరొకటుంది. ప్రాణవాయువు తగిలితే ఈ స్ఫురదీప్తి మసకబారుతుంది. ఎంత మసకబారిందో చూసి, కణాల దగ్గర ప్రాణవాయువు ఎంతుందో కొలుస్తున్నారు. నెత్తురులో ప్రాణవాయువును మోసే చక్రానికి చుట్టమే నేడు దాన్ని కొలిచి చెబుతోంది!

విద్యార్థి మిత్రులారా, గోడలు కూలినప్పుడు అంతా పోయిందని ఆ మహనీయుడు అనుకున్నారు. పోయినవి గోడలూ సీసాలే. ఆయన తేల్చిన సత్యం శిష్యుల చేతుల్లో, పుస్తకాల్లో భద్రంగానే ఉంది. ఓటమి ఎదురైన రోజున మనలో ప్రతి ఒక్కరూ గుర్తు చేసుకోవలసిన సంగతి ఇది.