కాంటు పండితుని ప్రాతఃకాల నియమము

వేకువనే మేల్కొనవలెనని యొకనాడైనను సంకల్పింపని గృహస్థుడు మన దేశమున నుండడు. బ్రాహ్మీముహూర్తపు మహిమను చిన్ననాటినుండియు వినుచునే యున్నాము. అయినను సంకల్పము మూడు దినములు నిలుచుట యరుదు. నాలుగవనాడు మంచు కురిసెననియో, రాత్రి హరికథ జాగుగా ముగిసెననియో వంక దొరకును. పుట్టుకతో నియమశీలురైనవారికే యిది సాధ్యమను నపోహయు మనలో గలదు. ఇమ్మానుయేలు కాంటు చరిత్రము నెఱిగినవా రట్లు తలపరు.

కాంటు 1724 ఏప్రిలు 22 న ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గు పట్టణమున జన్మించెను. అది నేడు రష్యాకు చెందిన కాలినింగ్రాదు. తండ్రి గుఱ్ఱపు పట్టెడలు కుట్టి జీవించు పనివాడు. తల్లి యాతని పదుమూడేండ్ల ప్రాయమున గతించెను. 1746 లో తండ్రియు పోయెను. కొన్నియేండ్లు సంపన్నుల యిండ్ల పిల్లలకు చదువు చెప్పి, 1755 లో విశ్వవిద్యాలయమున నుపన్యాసకుడయ్యెను. జీతము లేదు, విద్యార్థు లిచ్చు రుసుమే యాధారము.

ఆనాటి కాంటు లోకమెఱిగిన కాంటు గాడు. చక్కని దుస్తులు ధరించి, విందులకు బోయి, పేకాటయందును బిలియర్డు బల్లయొద్దను కాలము గడపి, ఒక్కొక్కప్పుడు చాల ప్రొద్దుపోయి యిల్లు చేరుచుండెను. నలుబదవ యేడు దాటిన పిదప జోసెఫు గ్రీను అను నాంగ్లేయ వర్తకునితో స్నేహము కుదిరెను. గ్రీను గడియారమునకు దాసుడు. మరునాటి యుదయ మెనిమిది గంటలకు బండిలో షికారు పోవుదమని యిరువురు నొకప్పుడు నిశ్చయించుకొనిరట. కాంటు కొంచె మాలస్యముగా వచ్చుసరికి గ్రీను బండి కదలి యెదురువచ్చుచుండెను. చేయెత్తి పిలిచినను ఆగక సాగిపోయెను. ఇట్టి మిత్రునితో మనము మాటలు మానివేయుదుము. కాంటు మాత్ర మాతనిని గురువుగా గ్రహించెను.

నియమ మాతనికి వేడుక గాదు. రొమ్ము చదునై యిఱుకైనది. ఆ కారణమున లేని రోగములు కలవను దిగులు పీడించుచుండెను. దీనిని మనస్సుచేతనే అదుపు చేసికొనవలసి వచ్చెను.

సేవకుడు మార్టిన్ లాంపె పూర్వము సిపాయి. ఐదుగంటలకు ఐదు నిమిషము లుండగా గదిలో ప్రవేశించి, వేళయైనదని సైన్యపు గొంతుతో ప్రకటించుచుండెను. తానెంత బతిమాలినను తిరిగి నిద్రింపనీయరాదని యజమానుని యాజ్ఞ. పూర్వము మన దివాణములలో నౌకరులు దొరగారి నిద్ర చెడకుండ కావలియుండెడివారు. ఇచ్చట యజమానుడే తన సోమరితనముపై నౌకరును కావలి యుంచెను. పలుచని తేనీరు, ఒక్క గొట్టపు పొగాకు, పిదప పాఠముల సిద్ధత. ఏడుగంటలకు ఉపన్యాసము. అటుపై మధ్యాహ్న భోజనమువఱకు వ్రాత. కాఫీయందు మక్కువ యెంతయున్నను చిరకాలము దాని నంటలేదు. రాత్రి పదిగంటలకు శయనము. వేకువ మేల్కొనుటకు మూలమిచ్చటనే యున్నదని మా యభిప్రాయము. ఏడుగంటల నిద్ర దక్కనివాని నే సేవకుడును చిరకాలము లేపజాలడు.

పొరుగింటి కోడికూత యొకమారు వ్రాతకు విఘ్నమయ్యెను. కోరిన వెల యిత్తునన్నను పొరుగువా డమ్మలేదు. పండితుడు వేఱింటికి మారెను.

శుద్ధబుద్ధి విమర్శ యను మహాగ్రంథము 1781 లో వెలువడునాటికి కాంటునకు ఏబదియేడేండ్లు. మిగిలిన రెండు విమర్శలును 1788, 1790 సంవత్సరములలో వచ్చినవి. బిలియర్డు బల్లనాటి జీవితమే సాగియున్నచో ఆ దుర్బల దేహ మంత పని కోర్చెడిదని మేము నమ్మజాలము.

లాంపె సుమారు నలుబదియేండ్లు కొలిచి, త్రాగుడు మితిమీరగా 1802 లో తొలగింపబడెను. లాంపె పేరు మఱవవలెనని వృద్ధుడు జ్ఞాపకపు పుస్తకమున వ్రాసికొనెను. మఱవకుండుటకే యట్లు వ్రాసికొనుట చూడుడు! క్రొత్త సేవకునికి వేకువపను లెఱుకపడవని పూర్వశిష్యుడగు వాసియాన్‌స్కి తెల్లవాఱకమున్నే వచ్చి తేనీటి బల్లయొద్ద కూర్చుండెను. కాంటు కొంతసేపు తటపటాయించి, తనకు కనబడని చోట కూర్చుండుమని మిగుల వినయముగా వేడుకొనెను. ఏబదియేండ్లకు పైగా ఆ వేళ నాతని చెంత నొక మనుష్యుడును కూర్చుండియుండలేదు. శిష్యుడు లేచి వెనుకకు జరిగెను. అప్పుడు తేనీరు త్రాగెను. 1804 ఫిబ్రవరి 12 న కాంటు గతించెను.