పంక్తిభేదాన్ని ప్రశ్నించిన పత్రికా సంపాదకుడు: డాక్టర్ వరదరాజులు నాయుడు

కోయంబత్తూరు, సేలం, మదురై ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి సంగతి మన పాఠకులకు క్రొత్త కాదు. విజయనగర ప్రభువుల కాలంలోను, ఆ తరువాత మదురైలో నాయక రాజుల ఏలుబడిలోను, బలిజలు, కమ్మవారు, దేవాంగులు, తొట్టియ నాయకులు మొదలైనవారు దక్షిణానికి తరలివెళ్ళి, కొందరు నల్లరేగడి భూములను, కొందరు మగ్గాన్ని, కొందరు పాళెగాండ్ర కొలువును నమ్ముకొని బ్రతికారు. ఇంట తెలుగు, వీధిలో తమిళం వారికి సహజమైపోయాయి. అట్టి ఒక బలిజ కుటుంబంలో పుట్టి, తమిళ పత్రికా ప్రపంచంలో ముప్పది ఏండ్లకు పైగా వాదవివాదాలకు కేంద్రమై నిలిచినవారు డాక్టర్ పి. వరదరాజులు నాయుడు. దేశమంతా ఎరిగిన ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికను 1932లో మొదట స్థాపించినది ఈయనే అన్న సంగతి నేడు చాలామందికి తెలియదు.

ఆయన అభిప్రాయాలు ఆనాడు మిత్రులను కూడ నొప్పించాయి. ఆయన పార్టీలు మారారు, పత్రికలు మార్చారు, కొన్నాళ్ళు పొగిడిన వారినే మరికొన్నాళ్ళు విమర్శించారు. అయినను బడిలో చేరిన బిడ్డకు పుట్టుకను బట్టి స్థానం నిర్ణయించవచ్చునా అన్న ఒక్క ప్రశ్న విషయంలో మాత్రం, 1925లో ఎక్కడ నిలబడ్డారో 1953లోను అక్కడనే నిలబడ్డారు.

వైద్యం నుండి రాజకీయాలకు

వరదరాజులు నాయుడు 1887 జూన్ 4న సేలం జిల్లా రాశిపురంలో జన్మించారు. వంగ విభజనకు వ్యతిరేకంగా దేశమంతటా స్వదేశీ ఉద్యమం రేగిన రోజులలో ఆయన విద్యార్థి. ఆ వేడి ఆయనను జీవితాంతం వదలలేదు. దేశీయ వైద్యం నేర్చి, చికిత్సలో మంచి పేరు సంపాదించారు. ప్రజలు ఆయనను డాక్టర్ అని పిలవడం ఆ వైద్యం వలననే. చేతినిండా రాబడి ఉన్న ఆ వృత్తిని క్రమంగా ప్రక్కన పెట్టి రాజకీయాలలోకి వచ్చారు.

1917లో కాంగ్రెసులోని బ్రాహ్మణేతరులు మద్రాసు ప్రెసిడెన్సీ అసోసియేషన్ అనే సంఘాన్ని ఏర్పరచుకొన్నారు. జస్టిస్ పార్టీతో కలవకుండా, స్వరాజ్యం కోరుతూనే, తమ వర్గాలకు తగిన ప్రాతినిధ్యం కావాలన్నది వారి వాదం. నాయుడుగారు ఆ సంఘంలో చురుకుగా పనిచేశారు. అప్పటి కోయంబత్తూరు జిల్లాలోని ఈరోడ్‌లో పురపాలక వ్యవహారాలు చూస్తూ ఉండిన ఇ.వి. రామస్వామి నాయకర్‌ను కాంగ్రెసు వైపు త్రిప్పినవారిలో రాజాజీతో పాటు నాయుడుగారు కూడ ఉన్నారు. ఆ రామస్వామియే తరువాత పెరియార్‌గా ప్రసిద్ధి చెందారు.

1918లో మదురైలో చేసిన ప్రసంగాలకు గాను నాయుడుగారిపై రాజద్రోహ నేరం మోపబడింది. హార్వే దొరల నూలుమిల్లు కార్మికులు కదలిన కాలమది. ఈ కేసులో ఆయన పక్షాన వాదించిన వకీలు సేలం పురపాలక సంఘాధ్యక్షుడుగా ఉండిన చక్రవర్తుల రాజగోపాలాచారి, అనగా రాజాజీ. ఒకే జిల్లావారైన ఈ ఇరువురి మైత్రి అలా బలపడింది. అది తరువాత ఎట్టి మలుపులు తిరిగిందో ముందు చూడగలము.

కలమే ఆయుధంగా

నాయుడుగారు మొదట ప్రపంచమిత్రన్ అనే తమిళ వారపత్రికను నడిపారు. అందులోని వ్రాతలకు గాను 1920లో మరల జైలుకు వెళ్ళవలసి వచ్చింది. తరువాత సేలం నుండి తమిళనాడు అనే వారపత్రికను ప్రారంభించి, 1926లో దానిని మద్రాసులో దినపత్రికగా మార్చారు. ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అన్న పేరు అమలులోకి వచ్చినది 1969 జనవరి 14న. అంతకు నాలుగు దశాబ్దాలకు పూర్వమే ఆ పేరును ప్రతిదినమూ అచ్చువేసి ఊరూరికి పంపినవాడు తెలుగింట పుట్టినవాడు.

ఆనాటి తమిళ పత్రికలలో చాలావరకు సంస్కృత సమాసాలతో బరువైన భాష ఉండేది. తమిళనాడు పత్రిక మాత్రం రైతుకు, చిల్లర వర్తకునికి అర్థమయ్యే సూటి మాటలతో రాజకీయాలను వ్యాఖ్యానించేది. తరువాత దినమణికి తొలి సంపాదకుడైన టి.ఎస్. చొక్కలింగం ఈ పత్రికలోనే చేయి తిరిగినవారు.

శేరన్మాదేవి గురుకుల వివాదం

తిరునెల్వేలి జిల్లా శేరన్మాదేవిలో వి.వి.ఎస్. అయ్యర్ 1922లో ఒక గురుకులాన్ని స్థాపించారు. అయ్యర్ సామాన్యుడు కాడు. లండనులో సావర్కర్‌తో కలిసి విప్లవకార్యాలలో పాల్గొని, పుదుచ్చేరిలో ఏండ్ల తరబడి తలదాచుకొని, తిరుక్కురళ్‌ను ఇంగ్లీషులోకి అనువదించిన పండితుడు. దేశభక్తి, పాండిత్యం, చేతిపని కలగలిపిన విద్య నేర్పాలన్నది ఆయన ఆశయం. తమిళనాడు కాంగ్రెసు కమిటీ ఆ సంస్థకు పదివేల రూపాయలు ఇస్తామని ఒప్పుకొని, అందులో ఐదువేలు ఇచ్చింది.

కొంతకాలానికి ఒక సంగతి బయటపడింది. గురుకులంలో ఇద్దరు బ్రాహ్మణ బాలురకు మాత్రం విడిగా భోజనం పెడుతున్నారు. తక్కిన పిల్లలందరూ ఒక పంక్తిలో కూర్చుంటున్నారు. ఆ సమయంలో నాయుడుగారు తమిళనాడు కాంగ్రెసు కమిటీ అధ్యక్షులు, పెరియార్ కార్యదర్శి. నాయుడుగారు ఈ విషయాన్ని తమ పత్రికకు ఎక్కించారు. వారం వారం వ్యాసాలు, లేఖలు, సభల వార్తలు వెలువడ్డాయి. ప్రజల చందాతో, కాంగ్రెసు సొమ్ముతో నడిచే జాతీయ విద్యాలయంలో పుట్టుకను బట్టి పంక్తిభేదం పాటించరాదన్నది ఆయన వాదం.

అయ్యర్ పక్షాన్ని కూడ న్యాయంగా చెప్పుకోవాలి. ఆయన స్వయంగా అందరితో కలిసి భోజనం చేసేవారు, కులాచారాలను పట్టించుకొనేవారు కారు. ఆ ఇద్దరు బాలుర తల్లిదండ్రులు విడి భోజనాన్ని కోరగా, ఆయన సమ్మతించారు. ఇచ్చిన మాట తప్పలేనన్నది ఆయన ఇబ్బంది. గాంధీజీ మధ్యవర్తిత్వం వహించి, ఆ ఇద్దరి విషయంలో మాట నిలుపుకొని, ఇకమీదట అట్టి షరతుతో ఎవరినీ చేర్చుకోరాదని సలహా ఇచ్చారు. ఈ రాజీ నాయుడుగారికి రుచించలేదు. తప్పు తప్పేనని ఒప్పుకొన్నప్పుడు, దానిని ఆ ఇద్దరి విషయంలోనైనా ఎందుకు కొనసాగించాలన్నది ఆయన పట్టుదల.

1925 ఏప్రిల్ చివర తిరుచ్చిలో కాంగ్రెసు కమిటీ సమావేశమైంది. జాతీయోద్యమంలో పాల్గొనే ఏ సంస్థలోను పుట్టుకను బట్టి హెచ్చుతగ్గులు ఉండరాదని ఎస్. రామనాథన్ ప్రవేశపెట్టిన తీర్మానం నెగ్గింది. దానితో రాజాజీ, మరికొందరు ప్రముఖులు కమిటీ నుండి వైదొలగారు. ఏడేండ్లనాడు కోర్టులో తనకు అండగా నిలిచిన మిత్రుడే ఇప్పుడు ఎదుటి పక్షంలో నిలబడ్డారు. అయ్యర్ గురుకుల బాధ్యత వదులుకొన్నారు. అదే సంవత్సరం జూన్‌లో పాపనాశనం జలపాతం వద్ద నీటిలో పడిన కుమార్తెను రక్షించబోయి ప్రాణాలు కోల్పోయారు. గురుకులం మరల కోలుకోలేదు.

నాయుడుగారి కలం ఒక మంచి సంస్థను కూల్చిందని ఆనాడు నిందించినవారున్నారు. ఆ నిందను పూర్తిగా త్రోసివేయలేము. పత్రికలో రగిలిన మంట తప్పును మాత్రమే కాల్చి ఊరుకోదు. కాని ఆయన మౌనంగా ఉండియుంటే, దేశసేవ పేరుతో నడిచే బడులలో కూడ పంక్తిభేదం ఆచారమై స్థిరపడియుండేది.

పార్టీల మార్పులు

1925 నవంబరులో కాంచీపురం మహాసభలో వర్గప్రాతినిధ్య తీర్మానానికి చోటు దొరకక పెరియార్ కాంగ్రెసును వీడారు. నాయుడుగారు అప్పటికి అందులోనే ఉండిపోయారు. ఉప్పు సత్యాగ్రహం నాటికి మాత్రం కాంగ్రెసు పద్ధతులతో ఆయనకు పొత్తు కుదరలేదు. ఊరంతా ఒక గాలి వీస్తూ ఉండగా ఆయన పత్రిక ఎదురుగాలికి నడిచింది. చొక్కలింగం బయటకు వెళ్ళి గాంధీ అనే పత్రికను పెట్టుకొన్నారు. పాఠకులు తగ్గారు, అప్పులు పెరిగాయి.

ఆ స్థితిలోనే ఆయన 1932 సెప్టెంబరులో మద్రాసు నుండి ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌ను ఇంగ్లీషులో ప్రారంభించారు. ధనాభావం చేత కొద్దికాలంలోనే దానిని ఫ్రీ ప్రెస్ జర్నల్ అధిపతి సదానంద్‌కు అమ్మివేయవలసి వచ్చింది. తరువాత అది రామనాథ్ గోయెంకా చేతికి పోయి, దేశంలోని పెద్ద పత్రికలలో ఒకటైనది. విత్తు నాటినవారు ఒకరు, ఫలం కోసినవారు మరొకరు.

1940ల తొలినాళ్ళలో నాయుడుగారు హిందూ మహాసభలో ప్రముఖులుగా కనిపిస్తారు. శేరన్మాదేవిలో ఎవరిపై పోరాడారో ఆ అయ్యర్‌కు లండను మిత్రుడైన సావర్కరే ఆ సభకు నాయకుడు. 1940 డిసెంబరులో మహాసభ అఖిల భారత సమావేశం మదురైలోనే జరిగింది. ఒకనాడు బ్రాహ్మణేతర పక్షం వహించిన సంపాదకుడు ఆ వేదికనెక్కడం పాత మిత్రులకు మింగుడుపడలేదు. ఆయన ఏ ఎండకు ఆ గొడుగు పట్టారని ఎత్తిపొడిచారు. తరువాత ఆయన మరల కాంగ్రెసులోకి వచ్చారు.

చివరి పోరాటం

1952లో రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడు గ్రామాలలోని ప్రాథమిక పాఠశాలలకు ఒక క్రొత్త పథకం తెచ్చారు. దాని ప్రకారం పిల్లలు రోజుకు మూడు గంటలు మాత్రమే బడిలో ఉండాలి, మిగిలిన పూట ఇంటివద్ద తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. బడులు, ఉపాధ్యాయులు చాలని రోజులవి. రెండు పూటలుగా నడిపితే అదే పంతులు రెట్టింపు పిల్లలకు చదువు చెప్పగలడన్నది ప్రభుత్వ వాదం. బడి నడిపేవారికి ఆ వాదం బరువు తెలుసు.

కాని పథకం నగరానికి కాక పల్లెలకే వర్తించింది. కుండలు చేసేవాని కొడుకు కుండల దగ్గర, చాకలివాని కొడుకు చాకిరేవు దగ్గర ఉండిపోతాడన్న భయం జనంలో పుట్టింది. ప్రత్యర్థులు దానికి కులక్కల్వి తిట్టం, అనగా కులవిద్యా పథకం, అని పేరు పెట్టారు. పెరియార్, ద్రవిడ మున్నేట్ర కళగం వారు బయట నుండి పోరాడగా, కాంగ్రెసు శాసనసభ్యులలో అసమ్మతిని కూడగట్టినవారిలో ముఖ్యులు వరదరాజులు నాయుడు. తమ పార్టీ ముఖ్యమంత్రిని, తమ పాత వకీలును, ఆయన అరవైయారేండ్ల వయసులో ఎదిరించారు. 1954 మార్చిలో రాజాజీ తప్పుకొన్నారు. ఏప్రిల్ 13న కామరాజు ముఖ్యమంత్రి అయ్యారు. మేలో ఆ పథకం రద్దయినది. కామరాజు పాలనలో పల్లెలలో బడులు, మధ్యాహ్న భోజనం విస్తరించిన కథ అందరికీ తెలిసినదే. ఆ భోజనంలో పిల్లలందరికీ ఒకే పంక్తి.

1957 జూలై 23న నాయుడుగారు కన్నుమూశారు. ఆయన స్థాపించిన పత్రిక పరుల సొత్తై పెరిగింది. ఆయన పెట్టిన పేరు రాష్ట్రానికి చెల్లింది. ఆయన రాజకీయ ప్రయాణంలోని వంకరలను దాచవలసిన పని లేదు. మన పల్లెలలో ఇంట ఒక భాష, బడిలో మరొక భాషతో పెరిగే పిల్లలు ఈనాటికీ ఉన్నారు. ఆ బిడ్డ ఎవరి బిడ్డ అని అడిగి పీట వేసే బడి ఎక్కడ కనిపించినా, శేరన్మాదేవి నాటి ఆ ప్రశ్నను మరల అడగవలసినదే.