టామీ కొనోలీ

టామీ కొనోలీగా పేరొందిన థామస్ హెన్రీ కొనోలీ (1870 డిసెంబరు 31 - 1961 ఏప్రిల్ 28) అమెరికాకు చెందిన బేస్‌బాల్ అంపైరు. అమెరికన్ లీగ్‌లో తొలి మ్యాచ్‌కు అంపైరుగా వ్యవహరించినది ఈయనే. 1953లో బిల్ క్లెమ్‌తో పాటు బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. అంపైర్లకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. 1920లో రే చాప్‌మన్ అనే ఆటగాడు తలకు బంతి తగిలి మరణించిన మ్యాచ్‌లో హోం ప్లేట్ వెనుక నిలిచిన అంపైరు కూడా ఈయనే.

బాల్యము

కొనోలీ ఇంగ్లాండులోని మాంచెస్టర్ నగరంలో ఐరిష్ కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలో ఆడినది క్రికెట్. సుమారు పదిహేనేళ్ల వయసులో కుటుంబంతో అమెరికా చేరి మసాచుసెట్స్ రాష్ట్రంలోని నాటిక్ పట్టణంలో స్థిరపడ్డాడు. అక్కడ చూసిన కొత్త ఆట కంటే దాని నిబంధనల పుస్తకం ఈయనను ఎక్కువగా ఆకర్షించింది. స్థానిక మ్యాచ్‌లలో తీర్పులు చెబుతున్న ఈ యువకుణ్ణి అనుభవజ్ఞుడైన అంపైరు టిమ్ హర్స్ట్ గమనించి ప్రోత్సహించడంతో న్యూ ఇంగ్లాండ్ లీగ్‌లో అవకాశం లభించింది.

అంపైరుగా

1898లో నేషనల్ లీగ్‌లో చేరిన కొనోలీ, తన నిర్ణయాలకు లీగ్ అధికారుల మద్దతు లేదని 1900లో రాజీనామా చేశాడు. మరుసటి సంవత్సరం కొత్తగా మేజర్ లీగ్ హోదా ప్రకటించుకున్న అమెరికన్ లీగ్ ఈయనను తీసుకున్నది. 1901 ఏప్రిల్ 24న జరగవలసిన నాలుగు మ్యాచ్‌లలో మూడు వర్షం వలన ఆగిపోగా, చికాగోలో ఈయన నిర్వహించిన మ్యాచ్ ఒక్కటే జరిగింది. ఆ విధంగా చరిత్రలో తొలి మ్యాచ్ ఈయన పేరున నిలిచింది. 1903లో మొదటి వరల్డ్ సిరీస్‌తో మొదలుపెట్టి మొత్తం ఎనిమిది వరల్డ్ సిరీస్‌లలో పనిచేశాడు. పొట్టివాడు, మితభాషి. ఆటగాళ్లను మైదానం నుండి బయటకు పంపడం బహు అరుదు.

బ్యాటరుకు తగిలిన బంతి

క్రికెట్‌లో బంతి బ్యాటరు దేహానికి తగిలితే ఎల్బీడబ్ల్యూ గానీ లెగ్ బై గానీ అవుతుంది, లేదా ఆట సాగిపోతుంది. బేస్‌బాల్‌లో పిచ్చర్ విసిరిన బంతి బ్యాటరుకు తగిలితే బ్యాటరు మొదటి బేస్‌కు ఉచితంగా వెళతాడు. దీనినే హిట్ బై పిచ్ అంటారు. ఈ నిబంధనను 1884లో అమెరికన్ అసోసియేషన్, 1887లో నేషనల్ లీగ్ స్వీకరించాయి.

చూడటానికి తేలికగా కనిపించినా అంపైరు రెప్పపాటులో చాలా విషయాలు నిర్ణయించాలి. బంతి మొదట తగిలినది బ్యాటుకా, దేహానికా? బ్యాటు పట్టుకున్న చేయి దేహంలో భాగమే గాని బ్యాటులో భాగం కాదు. బ్యాటరు బ్యాటు ఊపితే, లేదా బంతి స్ట్రైక్ జోన్‌లో ఉండగా తగిలితే, అది స్ట్రైక్. మేజర్ లీగ్ నిబంధనల ప్రకారం బ్యాటరు తప్పుకోవడానికి ప్రయత్నించకపోయినా బేస్ ఇవ్వరు. అయితే ప్రయత్నించే వ్యవధి అతడికి ఉన్నదా లేదా అన్నది అంపైరు విచక్షణకే వదిలివేయబడింది. వీటిలో ఏది జరిగినా, బంతి ముందుగా దేహానికి తగిలిన క్షణంలోనే ఆట ఆగిపోయినట్లు లెక్క, అనగా డెడ్ బాల్. అంపైరు రెండు చేతులు పైకెత్తి ఆట ఆపుతాడు. ఆ తరువాత ఎవరు బంతిని ఎక్కడికి విసిరినా దానికి విలువ లేదు.

1920 ఆగస్టు 16

ఆ రోజు న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో యాంకీస్, క్లీవ్‌లాండ్ జట్లు తలపడ్డాయి. యాంకీస్ పిచ్చర్ కార్ల్ మేస్ చేతిని దాదాపు నేలకు తాకేలా దించి బంతి విసిరేవాడు. క్లీవ్‌లాండ్ షార్ట్‌స్టాప్ రే చాప్‌మన్ ప్లేట్ మీదికి వంగి నిలిచేవాడు. ఐదవ ఇన్నింగ్స్‌లో మేస్ విసిరిన బంతి చాప్‌మన్ ఎడమ కణతకు తగిలింది. అప్పటికి హెల్మెట్లు లేవు. చప్పుడు ఎంత గట్టిగా వచ్చిందంటే, బంతి బ్యాటుకు తగిలిందనుకొని మేస్ దానిని అందుకొని మొదటి బేస్‌కు విసిరాడు. బ్యాటా, దేహమా అన్న ప్రశ్న ఇంత దారుణంగా మరెన్నడూ ఎదురుకాలేదనవచ్చు. కూలిపోతున్న చాప్‌మన్‌ను దగ్గరగా చూసిన కొనోలీ వెంటనే స్టాండ్ల వైపు తిరిగి వైద్యుని కోసం కేకవేశాడు.

బంతి మీద గరుకుగా ఉన్న చోటును మేస్ కొనోలీకి చూపి, అందువల్లనే అది దారి తప్పిందని చెప్పుకున్నాడు. చాప్‌మన్ లేచి కొంతదూరం నడిచి మళ్లీ పడిపోయాడు. రాత్రి శస్త్రచికిత్స జరిగినా ఆగస్టు 17 తెల్లవారుజామున మరణించాడు. మేజర్ లీగ్ మ్యాచ్‌లో పిచ్చర్ విసిరిన బంతి తగిలి మరణించిన ఏకైక బ్యాటరు ఈయనే.

ఆ రోజులలో ఒకే బంతిని మాసిపోయి నల్లబడేవరకు వాడేవారు. మాసిన బంతి బ్యాటరుకు సరిగా కనబడదు. అయితే ఖర్చు పెరుగుతున్నదన్న జట్టు యజమానుల ఫిర్యాదుతో, బంతులను వీలైనంతవరకు ఆటలోనే ఉంచాలని లీగ్ అంపైర్లను అంతకుముందే ఆదేశించింది. కనుక బంతిని మార్చలేదన్న నిందను అంపైర్లపై మాత్రమే మోపడం న్యాయం కాదు. ఈ దుర్ఘటన తరువాత మాసిన బంతిని వెంటనే తీసివేయడం అంపైర్ల విధిగా మారింది. హెల్మెట్ మాత్రం చాలా ఆలస్యంగా, 1950ల తరువాతనే తప్పనిసరి అయింది.

ఆ సంవత్సరమే అక్టోబరులో చాప్‌మన్ లేని క్లీవ్‌లాండ్ జట్టు బ్రూక్లిన్‌పై వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ సిరీస్‌లోనూ కొనోలీ అంపైరుగా ఉన్నాడు.

చివరి సంవత్సరములు

1931లో మైదానం వదిలి అమెరికన్ లీగ్ అంపైర్లకు పర్యవేక్షకుడిగా నియమితుడయ్యాడు. కొత్త అంపైర్లను ఎంపిక చేయడం, వారికి శిక్షణ ఇవ్వడం ఈయన పని. 83 ఏళ్ల వయసులో 1954లో ఆ పదవినుండి విరమించాడు. నాటిక్‌లో 90వ ఏట మరణించాడు.