అణువుల ఆకారం చెప్పిన రైల్వే గార్డు కొడుకు

ఇంటర్లో ఉండగా అమ్మోనియాకు 107 డిగ్రీలు, నీటికి 104.5 డిగ్రీలు అని గైడు చూసి బట్టీ పట్టినవాళ్లమే మేమంతా. ఎందుకలా అని లెక్చరర్ని అడిగే ధైర్యం లేదు. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు కాబట్టి ఇంటికెళ్లినా చెప్పేవాళ్లు లేరు. ఆ ప్రశ్నకు జవాబిచ్చిన శాస్త్రవేత్తల్లో ఒకరైన సర్ రొనాల్డ్ నైహోమ్ గారిని తమ్ముళ్లకు పరిచయం చేస్తున్నాం.

నైహోమ్ 1917 జనవరి 29న ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో జన్మించారు. వెండి, సీసం, జింకు తవ్వే గనుల ఊరది. అక్కడి వీధుల పేర్లు కూడా ఆక్సైడ్, క్లోరైడ్, కోబాల్ట్ వంటివే! తండ్రి రైల్వే గార్డు. ఆరుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. ఊళ్లోని హైస్కూల్లో చదివి, స్కాలర్‌షిప్‌తో సిడ్నీ విశ్వవిద్యాలయంలో చేరారు. తర్వాత సిడ్నీ టెక్నికల్ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1947లో పరిశోధన కోసం లండన్ యూనివర్సిటీ కాలేజీకి వెళ్లారు. 1955లో అక్కడే ప్రొఫెసర్ అయ్యారు.

మధ్య పరమాణువు చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ జంటల సంఖ్యను బట్టి అణువు ఆకారం ఉంటుందని 1940లోనే సిడ్జ్‌విక్, పావెల్ చెప్పారు. 1957లో గిలెస్పీ, నైహోమ్ కలిసి రాసిన వ్యాసం దాన్ని ముందుకు తీసుకెళ్లింది. ఎలక్ట్రాన్ జంటలు ఒకదాన్నొకటి వికర్షించుకొని వీలైనంత దూరం జరుగుతాయి. నాలుగు బుడగల మూతులు కలిపి కట్టి చూడండి, వాటంతటవే చతుర్ముఖీయ ఆకృతిలో సర్దుకుంటాయి. మీథేన్ కూడా అంతే, కోణం 109.5 డిగ్రీలు. బంధంలో పాల్గొనని ఒంటరి జంట ఎక్కువ చోటు తీసుకొని బంధ జంటలను దగ్గరకు నెడుతుంది. అమ్మోనియాలో అలాంటి జంట ఒకటి, అందుకే 107. నీటిలో రెండు, అందుకే 104.5. ఇక బట్టీ ఎందుకు?

పెద్ద పరిశోధకులై ఉండి కూడా నైహోమ్ బడి పాఠాలను చిన్నచూపు చూడలేదు. 1960లలో బ్రిటన్ పాఠశాలల్లో రసాయనశాస్త్ర బోధనను మార్చేందుకు నఫీల్డ్ పథకంలో పాటుపడ్డారు. 1967లో సర్ బిరుదు అందుకున్నారు. 1971 డిసెంబర్ 4న కేంబ్రిడ్జ్ సమీపంలో కారు ప్రమాదంలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 54 ఏళ్లే.

తమ్ముళ్లూ, అర్థం కానిది అడగడానికి సిగ్గుపడి మేము రెండేళ్లు పోగొట్టుకున్నాం. మీరు పోగొట్టుకోకండి. సెలవుల్లో మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు నోటుపుస్తకం పట్టుకొని రండి. నాలుగు బుడగలు మేమే తెస్తాం.