మన తరఫున నిలబడిన దామోదరం సంజీవయ్య

స్కాలర్‌షిప్ పని మీద మాసబ్ ట్యాంక్ సంక్షేమ భవన్ మెట్లెక్కని హాస్టల్ విద్యార్థులు మనలో తక్కువే. దాని పూర్తి పేరు దామోదరం సంజీవయ్య సంక్షేమ భవన్. అందరం డి.ఎస్.ఎస్. భవన్ అని పొట్టి చేసేశాం. ఆ అక్షరాల వెనుక ఉన్న మనిషి గురించి ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు రాయాలనుకున్నాం.

సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు జిల్లా పెద్దపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. అనంతపురం దత్తమండల కళాశాలలో బి.ఏ. చదివి, యుద్ధకాలంలో చిన్నాచితకా తాత్కాలిక ఉద్యోగాలు చేసి, ఆ తరువాత మద్రాసులో లా పూర్తిచేశారు. 1950లో అడ్వొకేట్ అయ్యారు. అదే ఏడు తాత్కాలిక పార్లమెంటు సభ్యులయ్యారు. అంత కష్టపడి సంపాదించిన నల్లకోటు ఆయన ఒంటిమీద ఎక్కువ కాలం ఉండలేదు.

అయితే అడ్వొకేట్ అంటే కోర్టులో వాదించేవాడేనా? లాటిన్ మూలంలో ఆ మాటకు సాయానికి పిలిచిన మనిషి అని అర్థం. స్కాట్లాండ్‌లో అది పై కోర్టుల్లో వాదించేవారి పేరు, ఇంగ్లండ్‌లో వారినే బారిస్టర్లంటారు. అమెరికాలో లా చదవకపోయినా ఒక వర్గం కోసం చట్టసభల చుట్టూ తిరిగేవారికీ ఆ మాట వాడతారు. మన హైదరాబాదు వకీలు అరబ్బీ నుంచి వచ్చాడు: మరొకరికి బదులుగా నిలబడేవాడు. సంజీవయ్య గారు ఈ చివరి అర్థంలో వకీలు అని మా అభిప్రాయం.

1960 జనవరిలో, 38 ఏళ్ల వయసులో, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. ఉన్నది రెండేళ్ల పైచిలుకే. అడగడానికి నోరులేని ముసలివాళ్లకు పింఛను, లంచాల మీద అవినీతి నిరోధక శాఖ ఆ కాలంలోనే వచ్చాయి. 1962లో కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు.

మాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది ఆయన కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా, 1965లో వచ్చిన బోనస్ చట్టం. అంతకుముందు బోనస్ కోసం కార్మికులు ట్రిబ్యునళ్ల చుట్టూ తిరగాలి. అక్కడ వకీలు నిలబడాలంటే అవతలి పక్షం ఒప్పుకోవాలి, ట్రిబ్యునల్ అనుమతించాలి; సాధారణంగా యూనియన్ నాయకులే వాదించేవారు. నాయకుడు గట్టివాడు కాకపోతే కార్మికుడి పని అంతే. కొత్త చట్టం 20 మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థల్లో, లాభం రాకపోయినా, జీతంలో 4 శాతం లేదా 40 రూపాయలు, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలంది. మొత్తం చిన్నదే. కానీ ఆ మాత్రానికి ఎవరి వాదనా అక్కర్లేకపోయింది. కౌంటరు ముందు ఫైలు పట్టుకుని, లోపల తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని వెతుక్కునే మనకు ఆ తేడా ఏమిటో వేరే చెప్పాలా?

1972 మేలో ఢిల్లీలో కన్నుమూశారు. వయసు 51. హుస్సేన్ సాగర్ ఉత్తరపు గట్టున సంజీవయ్య పార్కు ఆయన పేరు మీదే ఉంది.