సెనియో కరకట్టపై మరాఠా సిపాయి

ఆయన పని కబుర్లు మోయడమే. కంపెనీ కమాండర్ వెన్నంటి ఉండి, ఆదేశాలను అటూ ఇటూ చేరవేయాలి. కానీ 1945 ఏప్రిల్ 9న ఇటలీలో ఆ కమాండరే నేలకూలితే, దాడి మొత్తాన్ని భుజాన వేసుకున్నారు నామ్‌దేవ్ జాదవ్. అప్పటికి ఆయన వయసు పాతికలోపే.

మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (నేటి అహిల్యానగర్) జిల్లా నిమజ్ గ్రామంలో 1921లో పుట్టిన జాదవ్, ఐదో మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీలో సిపాయిగా చేరారు. బెళగావి కేంద్రంగా నేటికీ కొనసాగుతున్న రెజిమెంట్ అది.

గట్టే కోటగోడ

రెండో ప్రపంచ యుద్ధం చివరి దశలో ఉత్తర ఇటలీలోని నదుల గట్లను జర్మన్లు కోటలుగా మార్చుకున్నారు. సెనియో నదికి రెండు వైపులా ఎత్తైన కరకట్టలు. వాటిని తొలిచి మరతుపాకులు బిగించారు. చుట్టూ మందుపాతరలు పాతారు. వాటిని ఛేదించే పని న్యూజిలాండ్ సేనలతో పాటు ఎనిమిదో భారత డివిజన్‌పై పడింది. విమానాలు, ఫిరంగులు నిప్పులు కురిపించాక సిపాయిలు నీళ్లలోకి దిగారు.

తూర్పు గట్టు నుంచి తూటాల వాన మొదలైంది. కమాండర్‌తో పాటు మరో ఇద్దరు గాయపడ్డారు. ఆ బృందంలో మిగతావారంతా చనిపోగా, దెబ్బ తగలకుండా మిగిలింది జాదవ్ ఒక్కరే. వెనక్కి వెళ్లిపోయినా అడిగేవాళ్లు లేరు. ఆయన మాత్రం క్షతగాత్రుల్లో ఒకరిని ఎత్తుకుని లోతు నీళ్లు దాటి, నిటారు గట్టెక్కి, మందుపాతరల నడుమ నుంచి సురక్షితంగా చేర్చారు. మళ్లీ వచ్చి రెండో వ్యక్తినీ మోసుకెళ్లారు.

మూడోసారి వెళ్లింది శత్రువు మీదికి. టామీ గన్‌తో మొదటి స్థావరం నోరు మూయించారు. ఈలోగా చేతికి గాయమైంది, ఇక తుపాకీ పేల్చలేరు. దాన్ని పక్కన పడేసి గ్రెనేడ్లు అందుకున్నారు. అవి అయిపోతే పాక్కుంటూ వెళ్లి సహచరుల దగ్గర మరికొన్ని తెచ్చుకున్నారు. మరో రెండు స్థావరాలను తుడిచిపెట్టారు. మోర్టారు గుండ్లు పడుతున్నా గట్టు మీద నిలబడి మరాఠా రణనినాదం చేస్తూ, మిగిలిన దళాలను చేయూపి పిలిచారు.

ఆ తర్వాత నెల తిరగకుండానే, మే 2న ఇటలీలోని జర్మన్ సేనలు లొంగిపోయాయి. జాదవ్‌కు విక్టోరియా క్రాస్ దక్కింది. పరాయి పాలకుల కోసం వెళ్లిన భారత సైనికుల్లో అయిదు వేల మందికి పైగా ఆ ఇటలీ మట్టిలోనే కలిసిపోయారు. స్వతంత్ర భారత సైన్యంలోనూ పనిచేసి హవల్దారు హోదాకు చేరిన జాదవ్ 1984లో కన్నుమూశారు.